కంప్యూటర్ పోయినా రీపర్ పోలేదు, రివర్బే ఏడిపించింది

రీపర్ అంటే కంప్యూటర్‌లో పాటలు రికార్డు చేసి మిక్స్ చేసుకునే సాఫ్ట్‌వేర్. దాని ఐదో వెర్షన్ నడిచిన కాలం నుంచీ నా పని అంతా దీంట్లోనే. భజన బృందాల పాటలు, షార్ట్ ఫిల్ములకి డబ్బింగ్, అప్పుడప్పుడు పెళ్లి వీడియోకి ఒక పాట, ఇవే నా పనులు. ఎన్ని ట్రాకులు వేయొచ్చు, ధర ఎంత లాంటివి ఇక్కడ రాయను. వాడేవాళ్లకి తెలుసు, వాడనివాళ్లు 60 రోజులు డబ్బు కట్టకుండా వాడి చూసుకోవచ్చు. పాత డెస్క్‌టాప్ మదర్‌బోర్డు కాలిపోయాక దీన్ని కొత్త మెషీన్‌లోకి తెచ్చుకున్న సంగతి ఒక్కటే చెప్తాను.

మామూలుగా అయితే పాత మెషీన్‌లో ప్రిఫరెన్సెస్‌కి వెళ్లి కాన్ఫిగరేషన్ ఎక్స్‌పోర్ట్ చేసుకుంటే ఒక ఫైలు వస్తుంది. దాన్ని కొత్తదాంట్లో వేసుకుంటే సరిపోతుంది. కానీ నా మెషీన్ ఆన్ అయితే కదా! అదృష్టం కొద్దీ ఎస్‌ఎస్‌డీ బతికే ఉంది. దాన్ని ఊడదీసి యూఎస్‌బీ కేసులో పెట్టి తగిలించాను. యూజర్స్‌లో నా పేరున్న ఫోల్డరు, అందులో కనపడకుండా ఉండే యాప్‌డేటా, దాంట్లో రోమింగ్, దాంట్లో రీపర్. కొత్తదాంట్లో రీపర్ ఇన్‌స్టాల్ చేసి, ఆ ఒక్క ఫోల్డరు తెచ్చి అదే చోట పెట్టాను.

తెరిచి చూస్తే నా థీము, ఏళ్ల తరబడి మార్చుకుంటూ వచ్చిన షార్ట్‌కట్ కీలు, ఆడగొంతుకొకటి మగగొంతుకొకటి చేసుకున్న ట్రాక్ టెంప్లేట్లు, రీపర్‌కి అదనపు సౌకర్యాలిచ్చే ఎస్‌డబ్ల్యూఎస్ ఎక్స్‌టెన్షన్, స్క్రిప్టులు అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టె, అదే ఆడియో ఇంటర్‌ఫేస్, దొరకలేదని ఒకసారి గొణిగింది, డ్రైవర్ వేశాక ఆ గొణుగుడూ పోయింది. వెర్షన్ 6కి కొన్న లైసెన్సు వెర్షన్ 7.99 దాకా చెల్లుతుంది కాబట్టి ఆ ఖర్చూ లేదు. ఆ సాయంత్రం ఫోన్ చేసిన వాళ్లందరికీ రీపర్ గొప్పతనం వర్ణించి చెప్పాను.

మర్నాడు పాత ప్రాజెక్టులు తెరిచాక కొంచెం తగ్గాను. పాడించిన గొంతులు ప్రాజెక్టు ఫోల్డర్‌లోనే ఉంటాయి కాబట్టి వాటికి ఏ ఇబ్బందీ లేదు. తబలా, డోలక్ లూపులు (మళ్లీ మళ్లీ మోగించుకునే చిన్న తాళం ముక్కలు) మాత్రం వేరే హార్డ్ డిస్క్‌లో, డీ డ్రైవ్‌లో ఉండేవి. కొత్త మెషీన్‌లో డీ అంటే షాపు వాళ్లు చేసిచ్చిన పార్టిషన్, నా పాత హార్డ్ డిస్క్ ‘ఈ’ డ్రైవ్ అయి కూర్చుంది. పాట తెరిస్తే గొంతు వస్తోంది, తాళం లేదు. ఫైలు ఎక్కడుందో చూపించమని రీపర్ అడుగుతుంది. ఒక పాటకైతే చూపించొచ్చు, ఇన్నేళ్ల పాటలకి ఎవడు కూర్చుంటాడు?

నన్ను నిజంగా సంతోషపెట్టిన సంగతి ఇక్కడే బయటపడింది. రీపర్ ప్రాజెక్టు ఫైలు ఉత్త టెక్స్ట్ ఫైలు. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ట్రాక్ పేరు, వాల్యూమ్, కింద లూపు ఫైలు అడ్రసు, అన్నీ చదువుకోవచ్చు. మొత్తం ఫోల్డరుకి ముందు ఒక కాపీ తీసి పక్కన పెట్టాను. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో ‘ఫైండ్ ఇన్ ఫైల్స్’ తెరిచి, డీతో మొదలయ్యే లూపుల అడ్రసు పైన, ఈతో మొదలయ్యేది కింద రాసి, ఫోల్డర్‌లో ఉన్న ప్రాజెక్టులన్నిటికీ ఒక్కసారే రీప్లేస్ కొట్టాను. టీ తాగి వచ్చి తెరిస్తే ప్రతి పాటలోనూ డోలక్ మోగుతోంది.

అయితే ఈ కిటుకు అన్నిటికీ పనికిరాదు. రీపర్‌లో తగిలించుకునే చిన్న సాఫ్ట్‌వేర్లని ప్లగిన్లంటారు. రికార్డు చేసిన శబ్దాలని వాద్యంలా వాయించే శాంప్లర్ ప్లగిన్ లోపల ఎక్కించిన శబ్దాల అడ్రసు ఆ టెక్స్ట్‌లో అలా కనిపించదు, అర్థంకాని అక్షరాల ముద్దలో ఉంటుంది. వాటిని ఒక్కొక్కటిగా మళ్లీ చూపించాల్సి వచ్చింది.

ఇక రివర్బ్, అంటే గొంతుకి గుడిలోనో హాల్లోనో పాడినట్టు మోత ఇచ్చేది. ఆఫర్‌లో కొన్న ప్లగిన్ అది, కంపెనీ పేరు వద్దులెండి. రెండు మెషీన్లకే లైసెన్సు. ఒకటి నా ల్యాప్‌టాప్, రెండోది కాలిపోయిన డెస్క్‌టాప్. లైసెన్సు వెనక్కి తీసుకోవాలంటే ఆ పాత మెషీన్‌లోనే వాళ్ల యాప్ తెరవాలి. పోయిన మెషీన్‌లో యాప్ ఎలా తెరుస్తారో వాళ్లకే తెలియాలి. మెయిల్ పెడితే బిల్లు అడిగారు, పంపితే ఆర్డర్ నంబర్ అడిగారు, ఆ తర్వాత చప్పుడు లేదు. యాక్టివేషన్ లేకుండా వేస్తే మధ్యమధ్యలో శబ్దం ఆగిపోయే డెమోగా వస్తుంది, అందుకని అసలు వేయకుండా వదిలేశాను.

ఈలోగా భజన బృందం పిన్నిగారు పాటలో చిన్న సవరణ వినడానికి వచ్చారు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒక చరణం విని, “ఏం బాబూ, పోయినసారి గుడిలో పాడినట్టుంది, ఇప్పుడు మా వంటింట్లో పాడినట్టుందేంటి?” అన్నారు. రివర్బ్ లేదని చెప్పినా ఆవిడకి అక్కర్లేదు. రీపర్‌తో పాటే వచ్చే రివర్బ్ పెట్టి ఆ పూటకి పంపించాను. బాగానే ఉంది కానీ పాత గుడి కాదు.

రీపర్‌ని మెచ్చుకోవాల్సింది ఇక్కడ ఇంకొకటుంది. ప్లగిన్ దొరకలేదని ఒక జాబితా చూపించి ప్రాజెక్టును తెరిచేసింది, ఆ రివర్బ్ సెట్టింగులను మాత్రం పారేయలేదు. మధ్యలో నేను ఎన్నిసార్లు సేవ్ చేసినా దాని చోటు అలాగే ఉంచింది. చివరికి కంపెనీ వాళ్లు నా లైసెన్సులోంచి పాత మెషీన్‌ని తీసేశాక ప్లగిన్ వేసి పాట తెరిస్తే, ఎంత సేపు మోగాలని పెట్టానో అంతే, ఎంత ‘తడి’ (గొంతులో రివర్బ్ పాలు) పెట్టానో అంతే.

కాబట్టి అందరినీ రీపర్‌కి మారిపొమ్మంటానా? నా పని తొంభై పాళ్లు గొంతులు, లూపులు. నాకు హాయిగా కుదిరింది. వందల జీబీల ఆర్కెస్ట్రా లైబ్రరీల మీద బతికేవాళ్లకి రీపర్ ఫోల్డరు తెచ్చుకోవడం ఒక చిన్న పని, అసలు తలనొప్పి ఆ లైబ్రరీలు, వాటి లైసెన్సుల దగ్గరే ఉంటుంది. దాంట్లో రీపర్ చేయగలిగింది తక్కువ. మెషీన్ ఆన్ అవుతున్నప్పుడే లైసెన్సులు వెనక్కి తీసుకునే వీలున్నవాళ్లకి నా అంత టెన్షన్ ఉండదు.

ఆ రివర్బ్ ఇప్పుడు బాగానే పనిచేస్తోంది. పాట పూర్తయ్యాక రివర్బ్‌తో సహా గొంతును వేరే వేవ్ ఫైలుగా తీసి ప్రాజెక్టు ఫోల్డర్‌లోనే పెడుతున్నాను. ఆ కంపెనీ దగ్గర గొంతులో హెచ్చుతగ్గుల్ని సర్దే కంప్రెసర్ ప్లగిన్ ఒకటి కొందామనుకున్నాను, అది మాత్రం మానేశాను.