అల్బేనియాలో మూతపడి తెరుచుకున్న చర్చిలు, మసీదులు: ఆరు రాత్రుల యాత్రకు పనికొచ్చే వివరాలు

అల్బేనియాలో ఏ చర్చి ముందు నిలబడినా, ఏ మసీదు గడప దాటినా, అది ఎప్పుడు కట్టారో గోడ మీది పలకే చెబుతుంది. కమ్యూనిస్టు ప్రభుత్వం మతాన్ని నిషేధించిన 1967 నుంచి 1990 దాకా అందులో ఏముండేదో మాత్రం మనమే అడిగి తెలుసుకోవాలి. జవాబు ఊరికో రకంగా ఉంటుంది. ఒకచోట క్రీడామందిరం, ఒకచోట సినిమా హాలు, ఇంకోచోట వృద్ధాశ్రమం, మరోచోట జైలు. ఇలా ఏదో ఒక పనికి వాడుకున్నవి, చారిత్రక కట్టడాలుగా నమోదైనవి చాలావరకు ఇవాళ్టికీ నిలిచి ఉన్నాయి. ఎందుకూ కొరగావనుకున్నవాటిని పడగొట్టేశారు. యాత్రకి ఊళ్ళు ఎంచుకునేటప్పుడు ఈ సంగతి మనసులో ఉంటే ఎక్కడ ఎంతసేపు ఆగాలో తేలిగ్గా తెలుస్తుంది.

ముందు కాస్త చరిత్ర. ఆస్తులు ఒక్క రోజులో పోలేదు. 1945 ఆగస్టు భూసంస్కరణ చట్టంతో మఠాల భూములు, వక్ఫు భూములు చాలావరకు పోయాయి. ఆదాయం పోయిన మఠం తన పైకప్పు తాను బాగుచేసుకోలేదు కాబట్టి సగం పని అప్పుడే అయిపోయింది. 1949 నాటి ఆజ్ఞతో మతసంస్థలన్నీ ప్రభుత్వ అజమాయిషీ కిందికి వచ్చాయి. 1967 ఫిబ్రవరి 6న కమ్యూనిస్టు పాలకుడు ఎన్వర్ హోజా చేసిన ప్రసంగం తర్వాత యువజన దళాలు ఊరూరా బయల్దేరాయి. ఆ ఏడాదే 2,169 ప్రార్థనాస్థలాలు మూసేశామని ప్రభుత్వమే గొప్పగా చెప్పుకుంది. చర్చిలు, మసీదులు, మఠాలు, తెక్కెలు అన్నీ ఆ లెక్కలోవే. తెక్కె అంటే మన దర్గాకి దగ్గరగా ఉండే సూఫీ స్థలం. 1976 రాజ్యాంగం 37వ అధికరణం ఏ మతాన్నీ ప్రభుత్వం గుర్తించదని రాసింది. మరుసటి ఏడాది వచ్చిన శిక్షాస్మృతి మతప్రచారానికి 3 నుంచి 10 ఏళ్ళ జైలు పెట్టింది.

ఇక ప్రయాణం. మన పాస్‌పోర్టుకి ఈ-వీసా ఉంది. షెంగెన్, అమెరికా, బ్రిటన్ దేశాల్లో దేనిదైనా మల్టిపుల్ ఎంట్రీ వీసా ఉండి, దాన్ని ఒకసారి వాడి ఉంటే వేరే వీసా లేకుండా రానిస్తారు. వాడకుండా కొత్తగా చేతిలో ఉన్న వీసాతో వెళ్తే విమానం ఎక్కేచోటే ఆపేసే ప్రమాదం ఉంది. నియమాలు మారుతుంటాయి, టికెట్ కొనేముందు అల్బేనియా విదేశాంగ శాఖ వెబ్‌సైట్ చూడండి. మన దగ్గర్నుంచి నేరుగా విమానం లేదు, ఇస్తాంబుల్ మీదుగానో ఇటలీ మీదుగానో వెళ్ళాలి. దిగే విమానాశ్రయం పేరు మదర్ తెరెసా. ఆమె జీవితమంతా కలకత్తాలో గడిపారు, ఆమె తల్లి, అక్క మాత్రం రాజధాని తిరానాలోనే ఉండేవాళ్ళు. 1970ల మొదట్లో ఇద్దరూ అక్కడే చనిపోయారు. చివరిచూపుకి కూడా అప్పటి కమ్యూనిస్టు ప్రభుత్వం మదర్ తెరెసాను రానివ్వలేదు. 1989లో గాని ఆమె ఈ నేల మీద అడుగు పెట్టలేకపోయారు.

డబ్బు దగ్గర ఒక చిక్కుంది. 1965లో పది పాత లెక్‌లను ఒక కొత్త లెక్‌గా మార్చారు. ఇన్నేళ్ళయినా జనం నోట్లో పాత లెక్కే ఆడుతుంది. బస్సులో ఐదు వందలు అడగాల్సినచోట "ఐదు వేలు" అంటారు. మోసమనుకుని గొడవపడకండి, ఒక సున్నా తీసి చూడండి. అనుమానమొస్తే ఫోన్లో అంకె నొక్కి చూపించమనండి. యూరోకి సుమారు వంద లెక్ అనుకుంటే లెక్కకి సరిపోతుంది. ఏటీఎంలు విదేశీ కార్డు మీద ప్రతిసారీ గట్టిగా రుసుము తీస్తాయి, అందుకే యూరో నోట్లు తెచ్చుకుని మార్చుకోవడం నయం. తల ఊపడంలోనూ తేడా ఉంది. అటూ ఇటూ తిప్పితే చాలామందికి "అవును", పైకీ కిందికీ ఆడిస్తే "కాదు". మన తల ఊపు వాళ్ళను మరింత తికమకపెడుతుంది. అందుకే "పో" (అవును), "యో" (కాదు) అని నోటితోనే చెప్పండి.

తిరానాకి ఒక్క రాత్రి చాలు. స్కందర్‌బేగ్ చౌరస్తా దగ్గర బస తీసుకుంటే చూడాల్సినవి చాలావరకు నడకదూరంలోనే ఉంటాయి. బ్లోక్కు పేటలో హోటళ్ళు, కాఫీ షాపులు బాగుంటాయి గానీ రాత్రి చప్పుడు ఎక్కువ. చౌరస్తా పక్కనే ఎథెమ్ బే మసీదు. 18వ శతాబ్దం చివర్లో మొదలై 1820 ప్రాంతంలో పూర్తయింది. చారిత్రక కట్టడంగా ముందే నమోదై ఉండడంతో బతికింది. లోపలికి తొందరపడకుండా ముందు వరండాలో ఆగి తల పైకెత్తండి. గోడల మీద చెట్లు, జలపాతాలు, వంతెనలు గీసి ఉన్నాయి. మనిషి బొమ్మ ఒక్కటీ లేదు. మసీదులో ప్రకృతి చిత్రాలు ఇంత విరివిగా కనపడడం అరుదు. 1991 జనవరి 18న అధికారుల అనుమతి లేకుండానే సుమారు పదివేల మంది ఈ మసీదుకు తరలివచ్చారు. నమాజు వేళల్లో సందర్శకుల్ని ఆపుతారు, శుక్రవారం మధ్యాహ్నం అసలు పెట్టుకోకండి.

కవాయా వీధిలో జెసూట్లు (ఒక కాథలిక్ సన్యాసి సంఘం) కట్టిన పవిత్ర హృదయ చర్చి ఉంది. దాన్ని "రినియా" (యువత) పేరుతో సినిమా హాలు చేశారు. పెద్ద పార్కులోని సెయింట్ ప్రొకోపి చర్చి రెస్టారెంటయింది. రెండూ పది నిమిషాల్లో చూసి రావచ్చు. ఊరి తూర్పున ఉన్న బెక్తాషి ప్రపంచ కేంద్రానికి మాత్రం పూటైనా కేటాయించండి. తుర్కియేలో నిషేధం పడ్డాక ఈ సూఫీ శాఖ తన పీఠాన్ని ఇక్కడికి మార్చుకుంది. 1967లో అది వృద్ధాశ్రమమైంది, 1991 నవ్రూజ్‌కి (వసంతంలో వచ్చే కొత్త ఏడాది పండుగ) మళ్ళీ తెరుచుకుంది. కింది అంతస్తు మ్యూజియంలో వస్తువులన్నీ ఓపిగ్గా చూపిస్తారు. టాక్సీలో వెళ్ళడమే మేలు.

ఈ యాత్రకి గుండెకాయ ష్కోడర్. తిరానా నుంచి సుమారు 100 కిలోమీటర్లు, బస్సులో రెండు రెండున్నర గంటలు. రెండు రాత్రులు ఉండండి. కోలే ఇద్రోమెనో నడకవీధి చుట్టుపక్కల ఇళ్ళల్లో నడిపే బసలు 30 నుంచి 50 యూరోల్లో దొరుకుతాయి, ఉదయం ఫలహారం అందులోనే. ఊరంతా చదును కాబట్టి సైకిల్ అద్దెకిచ్చే ఇల్లు చూసుకుంటే టాక్సీ ఖర్చు తప్పుతుంది.

వరస ముఖ్యం. మొదట మరూబి ఫొటో మ్యూజియానికి వెళ్ళండి. అక్కడ పాత ష్కోడర్ గాజుపలకల మీద పదిలంగా ఉంది. ఆ ఫొటోలు చూశాక సెయింట్ స్టీఫెన్ కథీడ్రల్‌కి వెళ్తే ఏం పోయిందో, ఏం తిరిగొచ్చిందో కంటికి తెలుస్తుంది. ఇంత పెద్ద హాలు, మధ్యలో స్తంభాల అడ్డు లేదు. క్రీడామందిరం చేయాలన్న ఆలోచన ఎందుకొచ్చిందో లోపల నిలబడితే అర్థమవుతుంది. బల్లలు తీసేసి, పీఠం ఉన్న చోట ఆటలకు ఏర్పాట్లు చేశారు. 1973లో మహిళా సంఘం మహాసభ కూడా ఇందులోనే జరిగింది. 1991 మార్చిలో తిరిగి తెరిచినప్పుడు మదర్ తెరెసా వచ్చారు. 1993 ఏప్రిల్ 25న పోప్ రెండవ జాన్ పాల్ ఇక్కడే నలుగురు బిషప్పులను అభిషేకించారు. ఎక్కువగా కమ్యూనిస్టు కాలంలో చనిపోయిన 38 మందిని 2016 నవంబరు 5న ఈ ఆవరణలోనే ధన్యులుగా ప్రకటించారు. పూజ జరుగుతుంటే వెనక బల్లమీద కూర్చోండి, ఫోన్ జేబులో ఉంచండి.

ఫ్రాన్సిస్కన్ చర్చి ఇక్కడికి దగ్గరే. స్వాధీనానికి దారి ఎలా వేశారో ఈ చర్చి చెబుతుంది. 1946లో రహస్య పోలీసులే పీఠం వెనక ఆయుధాలు దాచి, తామే "దొరకబుచ్చుకుని", సన్యాసుల మీద కేసు పెట్టారు. స్కందర్‌బేగ్ రోడ్డులోని సాక్ష్య, స్మృతి మ్యూజియం 2014లో తెరిచారు. పూర్వం అది హోంశాఖ విచారణఖైదు. ముందుగదుల్లో కాగితాలు, పురోహితుల దుస్తులు, జపమాలలు చూసుకుంటూ వెళ్తే చివరికి ఒక నడవ వస్తుంది. దానికి రెండువైపులా ఇరుకు గదులు. ఒక్కో గదిలో మనిషి కాళ్ళు చాపుకోవడమే కష్టం. గోడలు అప్పటివే. పిల్లలతో వెళ్ళేవాళ్ళు ఈ భాగం వదిలేసినా తప్పులేదు. ఆడియో గైడు కన్నా అక్కడ పనిచేసేవాళ్ళను చూపించమని అడగడం మేలు, వాళ్ళు తీరిగ్గా చెబుతారు.

ర్మాయ్ కాథలిక్ శ్మశానాన్ని చాలామంది వదిలేస్తారు. వదలకండి. 1946 మార్చి 4న జెసూట్ ఫాదర్లు జోన్ ఫౌస్తి, దనియెల్ దజాని కాల్పుల్లో చనిపోయింది దీని గోడ పక్కనే. 1990 నవంబరు 4న, ఇంకా నిషేధం పూర్తిగా తొలగకముందే, ఫాదర్ సిమోన్ జుబాని బహిరంగంగా పూజ చేసిందీ ఇక్కడే. పన్నెండు రోజులకే, నవంబరు 16న, ఊరి అవతల సీసపు మసీదు దగ్గర ఇరవయ్యేళ్ళు జైల్లో గడిపిన హాఫిజ్ సబ్రి కోచి నమాజు చేయించారు. ఆ మసీదు 1770ల నాటిది, రోజాఫా కోట కింద పల్లంలో ఉంటుంది. గట్టి వానలు పడితే చుట్టూ నీళ్ళు నిలుస్తాయి. నవంబరు నుంచి మార్చి దాకా వెళ్ళేవాళ్ళు ముందు బసవాళ్ళను అడిగి కదలండి. కోట, మసీదు కలిపి ఒక పూట సైకిల్ మీద అవుతాయి.

ష్కోడర్ నుంచి బెరాత్‌కి మళ్ళీ తిరానా మీదుగానే రావాలి. తిరానాలో ఉత్తరపు, దక్షిణపు బస్సులు ఆగే చోట్లు వేరుగా ఉంటాయి, మారేందుకు గంట చేతిలో ఉంచుకోండి. ఫుర్గోన్ అనే వ్యాన్లు నిండితేనే కదులుతాయి, సాయంత్రం నాలుగైతే పలచబడిపోతాయి. ఎక్కడికైనా పొద్దున్నే బయల్దేరాలి.

బెరాత్‌లో బస ఎక్కడన్నదే పెద్ద ప్రశ్న. కోటలోపల ఇళ్ళల్లో ఉంటే సాయంత్రం జనం దిగిపోయాక గోడలు మనవే. కానీ ఎక్కే దారంతా నున్నటి రాళ్ళ పరుపు. చక్రాల సూట్‌కేసు లాగలేరు, వానపడితే మామూలు చెప్పులతో జారిపడడం ఖాయం. పెద్దవాళ్ళతో వెళ్తే కింద మంగలెమ్ పేటలో దిగి, కోటకి టాక్సీలో ఎక్కి నడిచి దిగండి. గోరిత్సా పేట నిశ్శబ్దంగా ఉంటుంది, ఎండ తక్కువ. జులై, ఆగస్టుల్లో మధ్యాహ్నపు వేడి మన మే నెలకేం తీసిపోదు.

కోటలోని మేరీమాత కథీడ్రల్ 1797 నాటిది. 1986 నుంచి, చిత్రకారుడు ఓనుఫ్రి పేరుతో ఉన్న ఐకాన్ (చెక్క మీద గీసిన పూజా చిత్రం) మ్యూజియం అందులోనే ఉంది. పీఠం ముందుండే చెక్కడపు తెర అక్రోటు కర్రలోంచి తొలిచింది. తీగలు, పక్షులు, మధ్యలో బంగారుపూత. ఆ తెర ఎదుట అయిదు నిమిషాలు నిలబడి, తర్వాత పక్కగదుల్లో ఓనుఫ్రి వాడిన ఎరుపు చూడండి. 16వ శతాబ్దపు రంగు ఇంకా తడిగా ఉన్నట్టే కనిపిస్తుంది. సోమవారం సెలవు ఉండే అవకాశం ఎక్కువ. మిగతా చిన్న చర్చిలకు తాళాలుంటాయి, తాళంచెవి మ్యూజియం దగ్గరి కాపలాదారుల ద్వారానే దొరుకుతుంది. టికెట్ కొన్నప్పుడే వ్లహెర్నా మేరీ చర్చి చూపిస్తారా అని అడగండి. అందులో చిత్రాలు ఓనుఫ్రి కొడుకు నికొల్లా 1578లో వేశాడు. బెరాత్‌లో దొరికిన ఆరో శతాబ్దపు ఊదారంగు సువార్త ప్రతి మాత్రం ఇక్కడ ఉండదు, తిరానా జాతీయ అభిలేఖాగారంలో ఉంది.

బెరాత్‌లో ఉండగా ఒక పూట అర్దెనిత్సా మఠానికి పెట్టుకోండి. ఫియెర్ దాకా బస్సు, అక్కణ్ణుంచి పది కిలోమీటర్లు టాక్సీ. గంటన్నర ఆగి తిరిగి తీసుకొచ్చేలా ముందే బేరమాడుకోవాలి, గుట్ట మీద వాహనం దొరకదు. పడగొట్టడానికి వచ్చిన దళానికి, 1451లో స్కందర్‌బేగ్ పెళ్ళి ఇక్కడే జరిగిందని లోపలి పురోహితుడు చెప్పాడంటారు. జాతీయ వీరుడి పేరు వినగానే వెనక్కి తగ్గారు. ఆ తర్వాత పాడుపడి, 1988లో హోటలయింది. 1992లో ఆర్థడాక్స్ చర్చి చేతికి తిరిగొచ్చింది. లోపల 1744 నాటి జొగ్రాఫి సోదరుల కుడ్యచిత్రాలున్నాయి. మోకాళ్ళు, భుజాలు కప్పుకునే బట్టలు లేకపోతే లోపలికి పంపరు.

శాకాహారులకు ఇబ్బంది లేదు. "పా మిష్" అంటే మాంసం లేకుండా. పాలకూర బ్యురెక్, మిరపకాయలు, టమాటా, జున్నుతో చేసే ఫెర్గెసా, తెల్లచిక్కుళ్ళ పులుసు, పెరుగు ప్రతి ఊళ్ళోనూ దొరుకుతాయి. ఫెర్గెసాలో కొందరు కార్జం వేస్తారు, ముందే అడగాలి. అన్నం చాలాచోట్ల మాంసం నీళ్ళతో వండుతారు, దాన్నీ అడగాలి.

చివరి రాత్రికి కోర్చా. బెరాత్ నుంచి నేరుగా బస్సు దొరకడం కష్టం, ఎల్బసాన్‌లో మారాలి, ఒక రోజంతా రోడ్డు మీదే పోతుంది. సమయం తక్కువైతే ఈ ఊరు వదిలేయండి. ఐకాన్ల మీద నిజంగా ఇష్టం ఉన్నవాళ్ళు మాత్రం వదలకూడదు. ఇక్కడి సెయింట్ జార్జ్ కథీడ్రల్‌ని 1968లో నేలమట్టం చేశారు. ఇప్పుడున్న కథీడ్రల్ 1990ల్లో కొత్తగా కట్టింది. ఊళ్ళోని మధ్యయుగ కళా మ్యూజియంలో ఏడువేలకు పైగా వస్తువులున్నాయి, వాటిలో చాలావరకు మూసేసిన చర్చిల్లోంచి వచ్చినవే. మొదటి హాల్లో బంగారు గోడ నిండా నేల నుంచి కప్పుదాకా ఐకాన్లు బిగించారు. కింది వరసవి ముఖం పెట్టి చూడొచ్చు, పై వరసలకు చిన్న బైనాక్యులర్ ఉంటే బాగు. ఫ్లాష్ వాడనివ్వరు. ఐకాన్లు తిరిగిమ్మని ఆర్థడాక్స్ చర్చి అడుగుతోంది. పైకప్పు కారే పల్లె చర్చిలో పెడితే కర్ర చెడుతుంది, మ్యూజియంలో ఉంచితే ముద్దుపెట్టుకుని మొక్కేవాళ్ళకి దూరమవుతుంది. నా మట్టుకు, ఏ ఊళ్ళో చర్చి బాగుపడి, కాపలా ఉందో ఆ ఊరి ఐకాన్లయినా వెనక్కి వెళ్ళాలి. భవనాలు చాలావరకు తిరిగిచ్చారు. భూముల తగాదాలే తెగలేదు, వాటిమీద ఇళ్ళు లేచి, చేతులు మారిపోయాయి.

కోర్చాలో రాత్రిళ్ళు చలి, మే నెలలో కూడా స్వెట్టర్ కావాలి. తిరానాకి తిరుగు బస్సు మూడు గంటల పైనే పడుతుంది, మర్నాడు విమానం ఉంటే పొద్దుటి బస్సే ఎక్కండి.