మధురపూడి నుంచి గన్నవరం: కొవ్వూరు దారా, రావులపాలెం దారా, రైలా?

మధురపూడిలో, అంటే రాజమండ్రి విమానాశ్రయంలో, ఎక్కాల్సిన ఉదయపు విమానం రద్దయింది. మధ్యాహ్నం గన్నవరం (విజయవాడ విమానాశ్రయం) నుంచి సీటు ఇస్తాం, అక్కడికి మీరే చేరుకోవాలి అని విమాన సంస్థవాళ్లు చల్లగా చెప్పారు. చేరుకున్నాను. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి మా గోదావరి జిల్లాల బంధువులు అడుగుతున్నది ఒకటే: ఏ దారిన వెళ్లావు, ఎంతసేపు పట్టింది?

పటం మీద గీత గీస్తే రెండు విమానాశ్రయాల మధ్య సుమారు 125 కిలోమీటర్లు. రోడ్డున ఎంతన్నది గోదావరిని ఎక్కడ దాటుతారన్న దాన్ని బట్టి ఉంటుంది. నా లెక్కలో అసలు విషయం అదే.

ధవళేశ్వరానికి ఎగువన గోదావరి ఒకటే నది. 2015లో తెరిచిన గామన్ వంతెన మీద ఒక్కసారి దాటితే కొవ్వూరు. మధురపూడి నుంచి వచ్చేవారికి రాజమండ్రి ఊళ్లోకి దిగే పనే ఉండదు. అక్కడి నుంచి దేవరపల్లి, నల్లజర్ల మీదుగా గుండుగొలను, ఆపైన ఏలూరు బైపాస్. మొత్తం 150 కిలోమీటర్లు, కొంచెం అటూ ఇటూగా. మాకు రెండు గంటల నలభై నిమిషాలు పట్టింది. అందులో పది నిమిషాలు నల్లజర్ల దగ్గర టీకి పోయాయి. డ్రైవరు బాబాయి టీ లేనిదే గేరు మార్చనన్నాడు మరి.

ధవళేశ్వరం దిగువన నది పాయలుగా చీలుతుంది. అందుకే పాత హైవే జొన్నాడ దగ్గర గౌతమిని, సిద్ధాంతం దగ్గర వశిష్ఠను, రెండుసార్లు దాటుతుంది. పైగా 30 కిలోమీటర్లకు మించిన చుట్టు. రావులపాలెం, తణుకు, తాడేపల్లిగూడెం వరుసగా తగులుతాయి. మూడున్నర గంటలు చేతిలో లేనిదే ఆ వైపు వెళ్లకండి. కొబ్బరితోటలు చూసుకుంటూ తీరిగ్గా వెళ్లడానికైతే అంత మంచి దారి మరొకటి లేదని ఒప్పుకుంటాను. విమానం అందుకోవాల్సినవాడికి కొబ్బరితోటలెందుకు?

ఇక రైలు. రాజమండ్రి నుంచి విజయవాడకు పట్టాల మీద దాదాపు 150 కిలోమీటర్లు. వేగంగా వెళ్లే బండ్లు రెండు, రెండున్నర గంటల్లో చేరుస్తాయి. చెప్పుకోవడానికి బాగానే ఉంది. కానీ మధురపూడి నుంచి స్టేషనుకు ఒక ఆటో, ఆ వేళకు బండి ఉండాలి, అది వేళకు రావాలి. ఎక్కాక అది గన్నవరాన్ని దాటుకుంటూ విజయవాడ పోతుంది. మళ్లీ 20 కిలోమీటర్లు వెనక్కి రావాలి! సామాను ఎక్కించడం, దించడం తలచుకుంటేనే నాకు నడుం నొప్పి.

విశాఖకు వెళ్లి ఎక్కవచ్చు కదా అని ఒకరన్నారు. రాజమండ్రి నుంచి 190 కిలోమీటర్లు. తుని దాటి ఉండేవారు ఆలోచించుకోవచ్చు.

ఒంటరిగా, ఒకే పెట్టెతో ఉన్నవారు రైలే ఎక్కాలనుకుంటే విజయవాడ దాకా పోకుండా ఏలూరులోనే దిగండి. గన్నవరం విమానాశ్రయం హైవే పక్కనే కాబట్టి విజయవాడ వైపు వెళ్లే పల్లెవెలుగు ఎక్కి, కండక్టరుకు ముందే చెప్పి గేటు దగ్గర దిగవచ్చు. అక్కడి నుంచి లోపలికి నడక ఉంటుంది. పెట్టె చక్రాలు మాత్రం గట్టివై ఉండాలి.