బాల్టిమోర్ పీబాడీ లైబ్రరీ: ఫొటో కోసమే అయితే వెళ్లకండి

ముందు పనికొచ్చే సంగతులు. టికెట్టు లేదు. అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో మౌంట్ వెర్నన్ అనే పేటలో, వాషింగ్టన్ స్మారక స్తంభం దగ్గరే. పెళ్లిళ్లకు కూడా హాలు అద్దెకిస్తారు కనక ఆ రోజు తెరిచి ఉందో లేదో కనుక్కుని బయల్దేరండి. పై అంతస్తులకు ఎక్కనివ్వరు, కింద నిలబడి తలెత్తి చూడాల్సిందే. పుస్తకాలు ఇంటికివ్వరు.

ఐదు వరసల పోత ఇనుప బాల్కనీలు, నెత్తిన అద్దాల కప్పు, కాళ్ల కింద నలుపూ తెలుపూ పాలరాయి. మూడు లక్షల పైచిలుకు పుస్తకాలు. 1878లో తెరిచారు. అందం సంగతి ఇంతటితో ఆపుతా, ఫొటోలు ఎలాగూ చూసే ఉంటారు.

నేను బ్యాంకులో చేసి రిటైరైనవాణ్ణి. ఎంత గొప్ప మేడ చూసినా ముందు డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందని అడగడం అలవాటు. ఇది జార్జ్ పీబాడీ డబ్బు. 1795లో మసాచుసెట్స్‌లో పేదింట పుట్టి, పదకొండేళ్లకే బడి మానేసి కొట్లో పనికి కుదిరాడు. బాల్టిమోర్‌లో బట్టల వ్యాపారంలో పైకొచ్చి, 1837లో లండన్ చేరి అమెరికా రాష్ట్రాల బాండ్లు, అంటే అప్పు పత్రాలు, అమ్మడం మొదలుపెట్టాడు. అంతలో బాల్టిమోర్ ఉన్న మేరీల్యాండ్ రాష్ట్రం వాటి మీద వడ్డీ కట్టడం ఆపేసింది. ఆ కాగితాలు అంటగట్టిన మనిషి లండన్‌లో ఎలా తిరిగాడో ఊహించుకోండి! రాష్ట్రం మళ్లీ కట్టాలని పట్టుబట్టాడు, 1848లో కట్టింది. తనకు రావలసిన 60,000 డాలర్ల కమిషన్ మాత్రం వదిలేసుకున్నాడు. మా బ్రాంచిలో అలాంటివాణ్ణి చూసి ఎరగను.

ఈ లైబ్రరీ పుట్టిన పీబాడీ ఇన్‌స్టిట్యూట్‌కు ఆయన మొదటి విరాళం మూడు లక్షల డాలర్లు, 1857లో. అదే ఏడాది చివర్లో మార్కెట్లు కుప్పకూలితే ఆయన బ్యాంకే బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ అప్పుతో గట్టెక్కింది. అయినా చెయ్యి ముడుచుకోలేదు. తర్వాత లండన్ పేదల ఇళ్లకు ఐదు లక్షల పౌన్లిచ్చాడు. సొంత ఖర్చులో మాత్రం మహా పిసినారి అట.

బ్యాంకులో ఆయన భాగస్వామి జూనియస్ మోర్గాన్, పేరుమోసిన బ్యాంకర్ జె.పి. మోర్గాన్‌కు తండ్రి. 1864లో పీబాడీ తప్పుకుంటే బ్యాంకు మోర్గాన్ పేరుకు మారింది. అందుకే బ్యాంకింగ్‌లో ఆ పేరే మిగిలింది, ఈయన పేరు లైబ్రరీ గుమ్మం మీద మిగిలింది.

ఐదుకు నాలుగు. ఆ ఒక్కటీ పైకి ఎక్కనివ్వనందుకు.