బాలీలో బాడుగ కారెక్కిన తిరుపతి డ్రైవరు

పంతొమ్మిదేళ్ళుగా తిరుపతిలో బాడుగ కార్లు తిప్పుతున్నాను. మొదట ఇంకొకరి బండికి డ్రైవరు, ఇప్పుడు సొంతంగా మూడు బండ్లు. రైల్వే స్టేషన్ ఎదురుగా విష్ణునివాసం దగ్గర పార్టీని ఎక్కించుకోవడం, కాణిపాకం, శ్రీకాళహస్తి, తిరుచానూరు, అప్పలాయగుంట తిప్పడం, రాత్రికి మళ్ళీ అక్కడే దించడం. ఇదే పని. ఎండాకాలం రద్దీ తగ్గాక మొన్న జులైలో మా అమ్మనీ మా ఆవిడనీ తీసుకుని ఏడు రోజులు బాలీ వెళ్ళొచ్చాను. ప్యాకేజీలు అమ్మేవాణ్ణి కాబట్టి ప్యాకేజీ కొనలేదు. చెన్నై నుంచి కౌలాలంపూర్ మీదుగా టికెట్లు నేనే తీసుకున్నాను, అక్కడి ఉబుద్ అనే ఊళ్ళో రూము నేనే చూసుకున్నాను. కారు మాత్రం డ్రైవరుతో సహా బాడుగకి మాట్లాడుకున్నాను. ఈ రివ్యూ ఆ బాడుగ గురించి. అక్కడి గుళ్ళ గురించి, బీచ్‌ల గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. డ్రైవర్ గురించి రాసినవాళ్ళు నాకు కనబడలేదు.

ముందు తిట్టాల్సింది తిట్టేస్తాను. ఎయిర్‌పోర్ట్ పికప్ ఒక్కటీ ఇంటి దగ్గరుండగానే ఆన్‌లైన్‌లో బుక్ చేసి 2,900 రూపాయలు కట్టాను. పేరు రాయను. బయటికి రాగానే బోర్డు పట్టుకుని మనిషి ఉంటాడన్నారు. బయట వందమంది బోర్డులు పట్టుకుని ఉన్నారు, వాటిలో నా పేరు లేదు. వాళ్ళిచ్చిన నంబరుకి ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి. అమ్మకి కాళ్ళ నొప్పులు, ట్రాలీ మీదే కూర్చుంది. సరిగ్గా యాభై నిమిషాలకి ఒకాయన చెమటలు కక్కుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. ఫోన్‌లో తనకొచ్చిన మెసేజ్ చూపించాడు. మా విమానం టైము గంట లేటుగా రాసి పంపారు. ఆయన తప్పు కాదు.

కార్లో మాటల్లో అడిగాను, ఈ ట్రిప్పుకి నీకెంత వస్తుందని. రెండున్నర లక్షల రుపియా అన్నాడు. మన రూపాయికి అక్కడ నూట ఎనభై పైచిలుకు రుపియాలు వస్తాయి కాబట్టి, అది 1,350 రూపాయల దగ్గర. మిగిలింది మధ్యవాళ్ళకి. రూము దగ్గర దించాక సామాను లోపల పెట్టి, మెల్లగా తన నంబరున్న కార్డు చేతిలో పెట్టాడు. డైరెక్టుగా పిలవండి అని.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఇలాగే పార్టీకి సొంత నంబరు ఇచ్చాడని మూడేళ్ళ కిందట ఒక డ్రైవర్ని నేను పనిలోంచి తీసేశాను. ఆ కార్డు మాత్రం జేబులో పెట్టుకున్నాను. మా ఆవిడ నా మొహం చూసి నవ్వింది.

ఆ రాత్రే వాట్సాప్‌లో అడిగాను, నాలుగు రోజులకి ఎంత అని. ఐదు నిమిషాల్లో జవాబొచ్చింది. రోజుకి 6.5 లక్షల రుపియా, అంటే మన డబ్బుల్లో మూడున్నర వేలు. పది గంటలు. పెట్రోలు, పార్కింగు, టోలు అందులోనే. పది గంటలు దాటితే గంటకి 50 వేలు. గుడి టికెట్లు, మా తిండి మావి. డ్రైవర్ తిండి తనే చూసుకుంటాడు. కింద ఇంకో లైను: 'ఏ షాపుకీ మీరు అడగకుండా తీసుకెళ్ళను.' ఇదంతా రాతలో ఉంది. మా స్టాండులో ఏదీ రాతలో ఉండదు. బత్తా ఎవరిది, వెయిటింగ్ ఎంత, రాత్రి పది దాటితే ఏమిటి, అన్నీ నోటిమాటలే. దిగేటప్పుడే గొడవ మొదలవుతుంది. ఈ ఒక్క మెసేజ్‌కే ఆయనకి సగం మార్కులు వేసేశాను.

డబ్బుల సంగతి వచ్చింది కాబట్టి, లక్షలు చూసి కంగారు పడకండి. దిగగానే వీసా ఆన్ అరైవల్‌కి మనిషికి 5 లక్షలు, 2024 ఫిబ్రవరి నుంచి పెట్టిన టూరిస్టు పన్ను 1.5 లక్షలు. ఎయిర్‌పోర్ట్ దాటేలోపే ముగ్గురికీ కలిపి పంతొమ్మిదిన్నర లక్షలు కట్టామంటే అమ్మకి నోట మాట రాలేదు. మర్నాడు హోటల్లో బిల్లు చూసి, "ఏందప్పా ఇది, టీ నీళ్ళకి ఇరవై వేలా?" అంది.

బండి టొయోటా అవాంజా, ఏడు సీట్లది. నాలుగైదేళ్ళది, టైర్లు కొత్తవి. ఎక్కేముందు టైర్లు చూడటం నాకు అలవాటు. సీటు కవర్ల కింద చెయ్యి పెట్టి చూశాను, చిప్స్ ముక్కలు లేవు. అక్కడా మనలాగే ఎడమ వైపు నడుపుతారు, కాబట్టి కాలు దానంతటదే బ్రేక్ వెతుక్కునే బాధ నాకు తగ్గలేదు. ఉబుద్ రోడ్లు మరీ ఇరుకు. రెండు కార్లు ఎదురైతే ఒకటి కాలువ గట్టు ఎక్కాల్సిందే. నాలుగు రోజుల్లో ఆయన హారన్ కొట్టింది బహుశా పదిసార్లు, అదీ ఒక్క తట్టు. ముందున్నవాడు ఆగితే తనూ ఆగుతాడు, అంతే. మా గాంధీ రోడ్డులో ఇలా నడిపితే సాయంత్రానికి కూడా ఇల్లు చేరడు.

డ్యాష్‌బోర్డు మీద ఏముందో చూడాల్సిందే. కొబ్బరాకుతో అల్లిన చిన్న పళ్ళెం, అరచేతిలో పట్టేంత. దాన్ని చనంగ్ సారి అంటారట. అందులో తూర్పు వైపు తెల్లపూలు, దక్షిణం వైపు ఎర్రవి, పడమటికి పసుపువి, ఉత్తరానికి నీలమో ఆకుపచ్చో. పైన చిటికెడు అన్నం, ఒక బిస్కెట్టు. ఆయన భార్య రోజూ తెల్లారే అల్లుతుందట. నిన్నటి పళ్ళెం తీసేసి కొత్తది పెట్టి, బండి బయట నిలబడి అగరొత్తి వెలిగించి మూడుసార్లు తిప్పి, పొగ లోపలికి రాకుండా ఆర్పి, అప్పుడు తలుపు తీస్తాడు. మన బండ్లలో నిమ్మకాయలు, వెంకన్న ఫోటో ఉన్నట్టే. కానీ మా వెంకన్న ఫోటో మీద దండ ఒక్కోసారి నెల రోజులు ఎండిపోయి వేలాడుతూ ఉంటుంది. అమ్మ ఆ సంగతి నాకు నాలుగు రోజులూ గుర్తుచేసింది.

అమ్మని ఆయన 'ఇబు' అనేవాడు. ఇబు అంటే అమ్మ. నేను 'పాక్', ఆయనా నాకు 'పాక్'. మన అన్నా, సార్ లాంటిది. ఇద్దరికీ ఒకే రకం ఇంగ్లీషు వచ్చు కాబట్టి ఇబ్బంది రాలేదు. అక్కడ పేర్లు పుట్టిన వరసని బట్టి పెడతారు. మొదటి బిడ్డ వాయన్, రెండోది మాడె, మూడోది న్యోమాన్, నాలుగోది కెతుత్, ఐదో బిడ్డ పుడితే మళ్ళీ వాయన్. పార్కింగ్‌లో వాయన్ అని అరిస్తే నలుగురు డ్రైవర్లు తిరిగి చూశారు.

రెండో రోజు తీర్థ ఎంపుల్. ఉబుద్ నుంచి అరగంట. ఎనిమిదికల్లా అక్కడుండాలని పట్టుబట్టి ఏడింపావుకే బయల్దేరదీశాడు. మేము చేరేసరికి గుడి ఖాళీ. తొమ్మిదిన్నరకి బయటికి వస్తుంటే బస్సుల వరస. అలిపిరి దగ్గర ఏ టైముకి క్యూ పెరుగుతుందో నాకెలా తెలుసో, ఆయనకి అలా తెలుసు. క్రీ.శ. 962లో కట్టిన గుడి అది. ఇంద్రుడు నేల మీద పొడిస్తే విషానికి విరుగుడుగా ఊట పుట్టిందని కథ. రాతి గోముఖాల్లాంటి తూముల్లోంచి నీళ్ళు కొలనులో పడుతుంటాయి, జనం వరసలో నిలబడి ఒక్కో తూము కింద తల పెడతారు. అమ్మ చూడగానే "మన పాపనాశనమే కదరా!" అంది. మునిగేవాళ్ళకి గుళ్ళోనే వేరే సారంగు బట్ట, మన లుంగీలాంటిది, ఇస్తారు. చాలామంది డ్రైవర్లు బండి దగ్గరే ఉండిపోయారు. ఈయన కొలను గట్టు దాకా వచ్చి, అమ్మకి చేత్తో చూపించాడు, ఆ రెండు తూములు వదిలెయ్యండి, అవి చనిపోయినవాళ్ళ కర్మకాండకి అని. మా ముందు ఇద్దరు తెల్లవాళ్ళు వాటి కింద కూడా భక్తిగా తలపెట్టి వచ్చారు.

తిరిగొచ్చే దారిలో లువాక్ కాఫీ తోటలు వరసగా ఉంటాయి. పునుగుపిల్లి లాంటి జంతువు తిని విసర్జించిన గింజలతో చేసే కాఫీ. మిగతా రకాల టేస్టింగ్ చాలాచోట్ల ఊరికే, లువాక్ కొనాలంటే మాత్రం మహా ఖరీదు. ప్రతి డ్రైవరూ అక్కడ ఆపుతాడు, ఎందుకు ఆపుతాడో నాకు చెప్పక్కర్లేదు. పార్టీని చీరల షాపు ముందు దించి పది శాతం తిన్నవాణ్ణి నేను. ఈయన నాలుగు రోజుల్లో ఒక్కసారీ ఆపలేదు. చివరికి నేనే ఆపమన్నాను, చూద్దామని. తిరిగి బండెక్కాక, "మీరు కొనలేదు కాబట్టి నాకేం రాదు, సంతోషమే" అని నవ్వాడు.

ఇక తప్పులు. ఒకటి, సిగరెట్. బండిలో తాగడు. కానీ మేము గుళ్ళో ఉన్నంతసేపూ బయట లవంగాల సిగరెట్లు, అక్కడ క్రెటెక్ అంటారు. వచ్చి స్టీరింగ్ ముందు కూర్చుంటే బిర్యానీ మసాలా వాసన. మా ఆవిడకి తలనొప్పి వచ్చింది. రెండు, భోజనం. వెజిటేరియన్ అని నాలుగుసార్లు చెప్పినా, మొదటి రోజు తీసుకెళ్ళిన హోటల్లో కూరలో మాంసం లేదు గానీ పచ్చడిలో రొయ్యల ముద్ద ఉంది. తెరాసి అంటారు దాన్ని, అక్కడి సంబల్ పచ్చళ్ళు చాలావాటిలో కలుపుతారు. ఆయన దృష్టిలో అది ఉప్పులాంటిది, మాంసం కాదు. అమ్మ ఆ పూట తెచ్చుకున్న పులిహోర తిన్నది. తర్వాత నేనే 'తన్పా తెరాసి' అనడం నేర్చుకున్నాను, అంటే తెరాసి లేకుండా అని. పులియబెట్టిన సోయా గింజల ముద్ద టెంపే, కూరగాయల గాదో గాదో తిని బతికాం. వేరుశెనగ పులుసులాంటిది పోస్తారు గాదో గాదోలో, అది మన నోటికి బాగానే పట్టింది.

మూడో తప్పు ఉలువాటు గుడికి వెళ్ళిన రోజు. సాయంత్రం సముద్రం గట్టున కెచక్ నాట్యం చూసి రాత్రి తొమ్మిదికల్లా ఉబుద్‌లో ఉంటామన్నాడు. ఆట అయ్యేసరికి పార్కింగ్‌లోంచి బయటపడటానికే ముప్పావు గంట. సముద్రం మీద కట్టిన బాలీ మందారా టోల్ రోడ్డు మీదుగా తిప్పినా రూముకి చేరేసరికి పది దాటింది. మొత్తం రెండు గంటలు ఎక్కువైంది. లెక్క ప్రకారం లక్ష రుపియా. ఒక గంటకే తీసుకున్నాడు, ట్రాఫిక్ లెక్క తప్పింది నాదేగా అని.

ఆ రోజే ఇంకోటి జరిగింది. ఉలువాటు కోతులు కళ్ళజోళ్ళు లాక్కుపోతాయి, పండు ఇస్తే గానీ తిరిగివ్వవు. తిరుమల కోతులకి మా అమ్మ అలవాటు పడిందే గానీ అవి కొబ్బరిచిప్పల దగ్గర ఆగిపోతాయి. కళ్ళజోడు తీసేస్తే అమ్మకి మెట్టు కనబడదు. ఆయన బండి వెనక డిక్కీలోంచి పురికొస తీసి, కళ్ళజోడు కాడలకి రెండు వైపులా ముడివేసి, తల వెనక జడ కింద గట్టిగా కట్టాడు. కట్టేముందు "మాఫ్, ఇబు" అన్నాడు, క్షమించమని. ఆ పురికొస ముడితోనే అమ్మ రాముడు, సీత, తోకకి మంటపెట్టిన హనుమంతుడు, అన్నీ చూసింది. వాయిద్యాలు లేవు, చుట్టూ కూర్చున్న మగవాళ్ళ 'చక్ చక్' అరుపులే తాళం.

ఉబుద్‌లో యాప్ కార్లు చవక కదా, ఈయనెందుకు అంటారేమో. గోజెక్, గ్రాబ్ ఉన్నాయి. కానీ చాలాచోట్ల స్థానిక డ్రైవర్లు వాటిని లోపలికి రానివ్వరు, బోర్డులు పెట్టారు. వెళ్ళడం సులువు, తిరిగి రావడానికి బండి దొరకదు. స్టాండు రాజకీయం అన్ని ఊళ్ళలో ఒక్కటే. ముగ్గురు, అందులో పెద్దవాళ్ళు ఉంటే రోజు బాడుగే నయం. ఇద్దరు కుర్రాళ్ళయితే స్కూటర్ తీసుకోండి, అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ మాత్రం విమానం ఎక్కకముందే చేయించుకోండి.

మార్కులు: ఎయిర్‌పోర్ట్ బుకింగ్ చేసిన ఆన్‌లైన్ వాళ్ళకి ఐదుకి ఒకటి. డ్రైవర్‌కి నాలుగు. ఆ ఒకటి సిగరెట్‌కి తీశాను.

అమ్మ అప్పుడే మళ్ళీ వెళ్దామంటోంది, ఈసారి ఉగాదికి. ఆయనకి మెసేజ్ పెడితే, ఆ రోజు రాలేను పాక్ అని జవాబు. శక సంవత్సరం మొదటి రోజు వాళ్ళకి న్యేపి. కొన్నేళ్ళు మన ఉగాది రోజో, దానికి ముందురోజో పడుతుంది, కొన్నేళ్ళు నెల ముందే వచ్చేస్తుంది. 2025లో న్యేపి మార్చి 29, ఉగాది 30. 2026లో రెండూ మార్చి 19నే. ఆ రోజు ద్వీపమంతా దీపం పెట్టరు, రోడ్డు మీదికి రారు, ఎయిర్‌పోర్ట్ కూడా 24 గంటలు మూసేస్తారు. ఉగాదినాడు నాకు మూడు బండ్లూ చాలవు, పక్క స్టాండు నుంచి ఇంకో రెండు తెచ్చుకోవాలి. మార్చిలో వెళ్ళేవాళ్ళు టికెట్ తీసేముందు ఆ తేదీ చూసుకోండి.