జయపురం నుంచి భువనేశ్వర్‌కు: రైల్లో ఒక రాత్రి, గాల్లో గంటా ఇరవై నిమిషాలు

మాది ఒడిశాలో కొరాపుట్ జిల్లా జయపురం. మా నాన్నకు 74 ఏళ్లు. గుండె పరీక్షలకు భువనేశ్వర్ ఎయిమ్స్‌కు తీసుకెళ్లాలంటే ఇన్నాళ్లూ మాకు హీరాఖండ్ రైలే దిక్కు. కొరాపుట్, రాయగడ దాటి అది ఆంధ్రలోకి దిగుతుంది. విజయనగరం చుట్టి, బరంపురం వైపుగా మళ్లీ ఒడిశాలోకి వస్తుంది. సొంత రాష్ట్ర రాజధానికి పక్క రాష్ట్రం మీదుగా వెళ్లాలి! ఈసారి జయపురంలోనే తొమ్మిది సీట్ల విమానం ఎక్కించాను.

నేరుగా కొలిస్తే రెండు ఊళ్ల మధ్య సుమారు 370 కిలోమీటర్లు. రైలు దాదాపు దానికి రెట్టింపు తిరుగుతుంది. జెట్ విమానమైతే ఈ దూరం ముప్పావుగంట పని. మేమెక్కిన సెస్నా కారవాన్‌కు ఉన్నది ఒకే ఇంజను, వేగం గంటకు 340 కిలోమీటర్ల దాకా. మాకు గంటా ఇరవై నిమిషాలు పట్టింది.

ముసలివాళ్లను తీసుకెళ్లేవారు ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. మేమెక్కిన విమానంలో మరుగుదొడ్డి లేదు. నాన్న రోజూ పొద్దున్నే ఒంట్లో నీరు తగ్గే మాత్ర వేసుకుంటారు, దానితో మూత్రం ఎక్కువగా వస్తుంది. డాక్టరును అడిగి, ఆ రోజు దాన్ని దిగాక వేశాను. ఇందులో పెద్ద విమానాల్లోలా లోపలి గాలి ఒత్తిడిని నిలిపే ఏర్పాటు ఉండదు కాబట్టి దిగేటప్పుడు చెవులు గట్టిగా మూసుకుపోయాయి. నాన్న మాత్రం అదేమీ పట్టించుకోలేదు. పైలట్ భుజం మీదుగా ముందున్న పరికరాలను చూస్తూ, మధ్యమధ్య కిటికీలోంచి కొండల నడుమ మెట్లుమెట్లుగా ఉన్న వరి మళ్లను నాకు చూపిస్తూ కూర్చున్నారు.

అయితే ఇది మా రెండో ప్రయత్నం. సెప్టెంబరులో మొదటిసారి టికెట్లు కొంటే, కొండల మీద మబ్బులు దిగి విమానం రద్దయింది. ఆ మాట మాకు చెప్పడానికి రెండు గంటలు పట్టింది. డబ్బు తిరిగొచ్చింది కానీ, డాక్టరు ఇచ్చిన తేదీ పోయింది. వానాకాలంలో ఆసుపత్రి పనికి ఈ విమానాన్ని నమ్ముకోవద్దు. నవంబరులో ఆకాశం అద్దంలా ఉంది.

భువనేశ్వర్ విమానాశ్రయం ఊళ్లోనే ఉన్నట్టు. మొదటి రాత్రి స్టేషను దగ్గర లాడ్జిలో దిగి పొరపాటు చేశాను: లిఫ్టు పనిచేయలేదు, గది రెండో అంతస్తులో. మర్నాడే పత్రపడా వైపు ఒక చిన్న అతిథి గృహానికి మారాం. అద్దె కాస్త ఎక్కువే, కానీ ఎయిమ్స్ దగ్గర. ఇంటావిడ నాన్న కోసం ఉప్పు తగ్గించి దాల్మా (కూరగాయలు వేసిన పప్పు) వండిపెట్టింది. ఆసుపత్రి పని మీద వచ్చేవారు అటువైపే దిగడం మేలు.

తిరుగు ప్రయాణం హీరాఖండ్‌లోనే. అర్ధరాత్రి దాటాక విజయనగరంలో తెలుగు అరుపులు వినిపించగానే నాన్న లేచి కూర్చుని టీ అడిగారు. ఫిబ్రవరిలో మళ్లీ రమ్మన్నారు డాక్టర్లు. వెళ్లడానికి విమానం, రావడానికి రైల్లో కింది బెర్తు తీసుకుంటాను.