పైన కూడా తెరుచుకునే మడత క్రేట్: మా జిమ్మీ ట్రిప్‌కి రావాలా వద్దా అన్నది దీంతోనే తేలుతుంది

కొలతలు, రంగులు, ఎన్ని కేజీల కుక్కకి ఏ సైజు అన్నవన్నీ అట్టపెట్టె మీదే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. మా కుక్క జిమ్మీని పడుకోబెట్టడానికి చాలాకాలంగా వాడుతున్నాం, సెలవులకి ఎక్కడికి వెళ్లినా కారు డిక్కీలో ముందు సర్దేది ఇదే. నేను రాయాలనుకున్నది దీని పైకప్పుకి ఉన్న జిప్పు గురించి. గుడ్డతో చేసి లోపల సన్నటి పైపుల ఫ్రేమ్ పెట్టిన ఇలాంటి క్రేట్లకి ముందు తలుపు ఎలాగూ ఉంటుంది, పైన కూడా తెరుచుకునేది మాత్రం చూసి మరీ తీసుకోండి. మా ఇంటిల్లిపాదీ కుక్కతో కలిసి ఊళ్లు తిరగగలుగుతున్నామంటే దాని పుణ్యమే.

కుక్కతో ప్రయాణం అనగానే అందరూ కారు గురించే టెన్షన్ పడతారు కానీ అసలు కష్టం రాత్రి పూట, కొత్త గదిలో మొదలవుతుంది. ఇంట్లో గుర్రుపెట్టి నిద్రపోయే కుక్క అక్కడ కన్ను మూయదు. వరండాలో ఎవరో నడిచినా, లిఫ్ట్ ఆగినా, పక్కగదిలో కుర్చీ జరిపినా లేచి మొరుగుతుంది. పిల్లలు లేస్తారు, పక్కగది వాళ్లు గోడ కొడతారు, మర్నాడు పొద్దున్న ఎవరి ముఖంలోనూ సెలవుల కళ ఉండదు. ఈ క్రేట్ రాకముందు మా ప్రయాణాలన్నీ ఇలాగే ఉండేవి, జిమ్మీని వదిలేసి వెళ్దాం అని మా ఆయన అనడానికి కూడా కారణం ఇదే.

ఇప్పుడు క్రేట్‌ని నా మంచానికి ఆనించి పెడతాను. ముందు తలుపు మూసి పైది తెరుస్తాను. పడుకుని చెయ్యి కిందికి వేలాడేస్తే సరిగ్గా వాడి చెవి అందుతుంది. చప్పుడైతే వాడు తల ఎత్తుతాడు, మొరగబోయేలోపు నా వేళ్లు తగులుతాయి. ముందు వాసన చూస్తాడు, ముక్కు తడి వేళ్లకి అంటుతుంది, తర్వాత గడ్డం నా అరచేతిలో పెట్టి పెద్దగా ఒక నిట్టూర్పు విడుస్తాడు. ఆ నిట్టూర్పు వినిపించిందంటే ఇంక తెల్లారేదాకా మాకు నిద్రే. ముందు తలుపుతో ఈ పని జరగదు, అది తీస్తే వాడు బయటికొచ్చి మంచమెక్కి అందరినీ లేపుతాడు. పైనుంచైతే చెయ్యి లోపలికి వెళ్తుంది, కుక్క మాత్రం బయటికి రాదు. (ఎగిరి దూకే రకం కుక్కల సంగతి వేరు, మా వాడు నెమ్మదస్తుడు.)

క్రేట్ కొన్నంత మాత్రాన ఇది జరిగిపోదని కూడా చెప్పాలి. ప్రయాణానికి చాలా ముందునుంచే ఇంట్లో తెరిచి ఉంచాం, అందులోనే గిన్నె పెట్టాం, ఉతకని పాత దుప్పటి పరిచాం. కొత్త చోట వాడికి ధైర్యమిచ్చేది ఆ దుప్పటి వాసనే. శిక్ష కింద లోపలికి తోసి జిప్పు వేసే అలవాటున్న ఇళ్లలో ఇది పనికిరాదు.

ఇంతకీ ట్రిప్‌కి తీసుకెళ్లాలా వద్దా అన్న మాట. పిల్లలు ఎప్పుడూ తీసుకెళ్దామనే అంటారు. నేను మాత్రం ఒకటే చూసుకుంటాను: పగలైనా రాత్రైనా ఆ క్రేట్ పక్కన మాలో ఒకరం ఉండగలమా? ఒకే చోట దిగి, పొద్దున సాయంత్రం నడుస్తూ, మిగతా టైమంతా తీరిగ్గా కూర్చునే సెలవులైతే జిమ్మీ వస్తాడు. రోజుకో ఊరు, కుక్కల్ని రానివ్వని మ్యూజియాలు, గుళ్లు, బోటు షికార్లు ఉంటే రాడు. అలాంటి చోట వాడు కారులో ఉంటాడులే అనే మాటే మా ఇంట్లో రానివ్వను. బయట 21 డిగ్రీలు, అంటే మనకి చల్లగా అనిపించే రోజు, ఎండలో ఆపిన కారులో పది నిమిషాలకి దాదాపు 32, అరగంటకి 40 డిగ్రీల దాకా వెళ్తుంది. అద్దాలు కొంచెం దించి పెట్టినా పెద్ద తేడా ఉండదు. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పుతూనే ఒళ్లు చల్లబరుచుకోవాలి, చుట్టూ గాలే వేడిగా ఉంటే ఎంత రొప్పినా లాభం లేదు. పగ్, బుల్‌డాగ్ లాంటి పొట్టి మూతి కుక్కలకి ఇంకా ప్రమాదం.

ఇక దీని జిప్పు చేసిన పని. ఒకసారి సముద్రం పక్కన ఇల్లు అద్దెకి తీసుకున్నాం. మధ్యాహ్నం జిమ్మీ క్రేట్‌లో నిద్రపోతున్నాడు, ఏసీ ఉంది, పక్క సందులోనే భోజనం చేసి వచ్చేద్దామని వెళ్లాం. ఈలోపు తువ్వాళ్లు మార్చడానికి వచ్చిన మనిషి తలుపు తీయగానే కాళ్ల పక్కనుంచి వాడు బయటికి ఉరికాడట. మేం వచ్చేసరికి ఆ మనిషి గుమ్మంలో వణుకుతూ నిలబడి ఉంది. లోపలికెళ్లి క్రేట్ చూశాను. ముందు తలుపు జిప్పు రన్నర్, అంటే పట్టుకుని లాగే ముక్క, వేసిన మూలలోనే ఉంది. గుడ్డ చిరగలేదు, జాలీ చిరగలేదు. కింది అంచు దగ్గర మాత్రం జిప్పు పళ్లు విడిపోయి నోరు తెరిచాయి, ఆ సందు పొడవునా వాడి తెల్ల వెంట్రుకలు ఇరుక్కుని ఉన్నాయి. ఇసుక, వెంట్రుకలు పట్టి పట్టి రన్నర్ వదులైపోతే ఇలాగే అవుతుంది, పైకి మూసుకున్నట్టే కనిపిస్తుంది కానీ రెండువైపుల పళ్లు ఒకదాన్నొకటి పట్టుకోవు. మూతితో తోస్తే చాలు, విచ్చుకుంటుంది.

రోడ్డు అటే, సముద్రం అటే. పిల్లలు ఏడుస్తూ పరిగెత్తబోతుంటే మా అమ్మ ఆపింది, కేకలు వేస్తూ వెంటపడితే బెదిరిపోయి ఇంకా దూరం పోతాడు, నెమ్మదిగా మామూలు గొంతుతో పిలవండి అని. చివరికి కనిపెట్టింది మా చిన్నదే. మా కారు కింద, వెనక టైరుకి వీపు ఆనించి పడుకుని ఉన్నాడు. ఆ ఊళ్లో వాడికి తెలిసిన వాసన అదొక్కటే మరి. దుప్పటి తెచ్చి నేలమీద పరిచి పక్కన కూర్చుంటే కాసేపటికి పాక్కుంటూ వచ్చాడు, ఒళ్లంతా గ్రీజు.

దొరక్కపోయుంటే అన్న ఆలోచన ఇప్పటికీ నన్ను వదల్లేదు. వాడికి చర్మం కింద పెట్టే మైక్రోచిప్ ఉంది, కానీ అందులోని 15 అంకెల నంబరు స్కానర్ ఉన్నవాళ్లకే కనిపిస్తుంది, రోడ్డు మీద చూసినవాళ్లకి ఉపయోగపడేది మెడపట్టీ మీది ఫోన్ నంబరే. అది కూడా ఇంటి ఫోన్‌ది అయితే లాభం లేదు, ప్రయాణంలో చేతిలో ఉండే ఫోన్‌ది కావాలి. కంపెనీకి రాస్తే జిప్పు అరుగుదల వారంటీలోకి రాదన్నారు. ఆ జవాబు మీద నాకింకా కోపమే, కుక్కని లోపల ఉంచేదే ఆ జిప్పు అయినప్పుడు అది అరగదని నమ్మేగా కొంటాం. టైలర్ దగ్గర రన్నర్ మార్పించాను, రెండు కొసల్నీ కలిపి తాళాలగుత్తికి పెట్టే స్ప్రింగ్ కొక్కెం తగిలిస్తున్నాను, బీచ్ నుంచి రాగానే పాత టూత్‌బ్రష్‌తో పళ్లు శుభ్రం చేస్తున్నాను. మళ్లీ తెరుచుకోలేదు. అయినా వాడిని అందులో ఒంటరిగా వదిలి గుమ్మం దాటడం మానేశాం, భోజనానికి వంతులవారీగా వెళ్తున్నాం.

కాబట్టి ఇది ఉంటే కుక్కతో సెలవులు హాయి అని నేను చాలామందికి చెప్పిన మాటని కొంచెం తగ్గించుకోవాలి. ఇది కుక్కకి మంచం, తాళం వేసిన గది అనుకుని కొనకండి. కారులో కూడా ఇది రక్షణ ఇవ్వదు, గట్టిగా బ్రేక్ పడితే గుడ్డ ఏం ఆపుతుంది? సీటు బెల్టుకి తగిలించే హార్నెస్ (కుక్క ఒంటికి కట్టే పట్టీలు) వేరే ఉండాల్సిందే. విమానంలో సామాన్ల భాగంలో పంపడానికి అసలు పనికిరాదు, అక్కడ గట్టి గోడల క్రేట్ కావాలి, అందులో కుక్క నిలబడి, వెనక్కి తిరిగి, ఇబ్బంది లేకుండా పడుకోగలగాలని విమాన సంస్థల అంతర్జాతీయ సంఘం ఐఏటీఏ నిబంధనలు. కారులో వాంతి చేసుకునే పిల్ల కుక్క ఉంటే కూడా ఆగండి, చాలా కుక్కలకి పెద్దయ్యేకొద్దీ అది తగ్గుతుంది, ఈలోపు గుడ్డకి పట్టిన వాసన మాత్రం ఒక పట్టాన పోదు. ఆ వాంతులకి వెట్, అంటే పశువుల డాక్టర్, ఇచ్చే మందులున్నాయి, వాళ్లనే అడగండి, మత్తు మందు మాత్రం సొంతంగా వేయొద్దు.

మా వాడు నడివయసు వాడు, ఏదీ కొరకడు, మా ఇంట్లో రాత్రి చెయ్యి వేలాడేసి పడుకోవడానికి నేనున్నాను. ఈ మూడింట్లో ఏది తేడా ఉన్నా మీ లెక్క మారొచ్చు. గోళ్లతో గీరే కుక్క అయితే ఒక్క రాత్రిలో జాలీ పోతుంది. ఈసారి మేం వెళ్లేది పెళ్లికి, రోజంతా జనం, డప్పులు, కాబట్టి జిమ్మీ మా చెల్లి దగ్గర ఉంటాడు, క్రేట్ కూడా అక్కడికే పంపుతున్నాను. ఇది పాడైతే మళ్లీ ఇదే రకం కొంటాను, కంపెనీ మాత్రం వేరేది చూస్తాను.