డబ్బు కట్టిన పనే బాగా చేశారు

మాస్టర్స్‌కు విదేశాలకు దరఖాస్తు చేసేటప్పుడు నేనూ అందరిలాగే ఒక కన్సల్టెన్సీ మెట్లెక్కాను. పేరు చెప్పను. కౌన్సెలింగ్ పూర్తిగా ఉచితమన్నారు. ఆ మాట నిజమే, జాబితా ఇచ్చినందుకు నా దగ్గర ఏమీ తీసుకోలేదు.

ఆ జాబితాతోనే వచ్చింది చిక్కు. కౌన్సెలర్ నా మార్కులు, ఐఈఎల్‌టీఎస్ స్కోరు, ఎంత ఖర్చు భరించగలనన్నది అడిగారు. ఏం చదవాలనుకుంటున్నానో అడగకుండానే ఎనిమిది విశ్వవిద్యాలయాల పేర్లు చేతిలో పెట్టారు. ఐదు బ్రిటన్‌వి, మూడు ఆస్ట్రేలియావి. నాకు కావలసింది థర్మల్ ఇంజనీరింగ్. రెండు చోట్ల ఆ కోర్సే లేదు. జర్మనీ సంగతేమిటని అడిగితే, "అక్కడ భాష కష్టమండీ" అని మాట మార్చారు.

ఆ రాత్రే జర్మనీలో చదువుల సమాచారమిచ్చే అక్కడి సంస్థ డీఏఏడీ వెబ్‌సైట్ తెరిచాను. ఇంగ్లీషులో బోధించే మాస్టర్స్ కోర్సులు పేజీల కొద్దీ ఉన్నాయి. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజే ఉండదు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం ఐరోపా సమాఖ్య బయటి నుంచి వచ్చేవారు సెమిస్టరుకు 1,500 యూరోలు కట్టాలి. బ్రిటన్, ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయాలు తమ దగ్గర చేరే విద్యార్థుల మీద ఏజెంట్లకు కమిషన్ ఇస్తాయన్నది దాపరికం లేని వ్యవహారం. ఫీజే లేని చోట ఎవరు, దేని మీద ఇస్తారు? భాష ఎందుకు కష్టమైందో అప్పుడు అర్థమైంది.

ఇంకో సంగతి నన్ను బాగా కలవరపెట్టింది. దరఖాస్తుల కోసం నా పేరుతో కొత్త ఈమెయిల్ తెరిచి, పాస్‌వర్డ్ తమ దగ్గరే ఉంచుకున్నారు. "మీకు శ్రమ ఎందుకు" అన్నారు. విశ్వవిద్యాలయం నన్ను అడిగే ప్రశ్న ముందు వాళ్లకు చేరుతుంది, తర్వాత తీరిక దొరికితే నాకు. మూడుసార్లు అడిగాక ఇచ్చారు. తెరిచి చూస్తే ఒక విశ్వవిద్యాలయం అదనపు పత్రాలు అడిగి పదకొండు రోజులైంది.

ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నామో మనమే చెప్పుకోవాల్సిన వ్యాసం, ఎస్‌ఓపీ కూడా వాళ్లే రాసిచ్చారు. "చిన్ననాటి నుంచే యంత్రాల పట్ల అమితాసక్తి" అని మొదలైంది. నాతోపాటు కూర్చున్న అబ్బాయి సివిల్ విద్యార్థి, అతనికేమో చిన్ననాటి నుంచే వంతెనల పట్ల అమితాసక్తి. సిఫారసు లేఖలూ సిద్ధంగా ఉన్నాయన్నారు. కానీ చాలా విశ్వవిద్యాలయాలు ఆ లేఖ పెట్టాల్సిన లింకును నేరుగా అధ్యాపకుడి ఈమెయిల్‌కే పంపుతాయి. మా ప్రొఫెసర్ గారిని అడిగితే, నేను చెడగొట్టిన ప్రయోగంతో సహా ఆయనే రాశారు.

జర్మనీకి సొంతంగానే దరఖాస్తు చేశాను. విశ్వవిద్యాలయాల తరఫున విదేశీ విద్యార్థుల దరఖాస్తులు పరిశీలించే ఊనీ-అసిస్ట్ ద్వారా వెళ్తే మొదటి కోర్సుకు 75 యూరోలు, అదే సెమిస్టరుకు పెట్టే ప్రతి అదనపు దానికి 30. పెద్ద బ్రహ్మవిద్య కాదు, గడువులే చూసుకోవాలి. జులై 15 అని అందరూ అంటుంటే నమ్మాను; నా కోర్సుకు మే 31. ఒక్క వారం ముందు కళ్లు తెరిచాను.

అడ్మిషన్ వచ్చాక మళ్లీ అదే కన్సల్టెన్సీకి వెళ్లాను, ఈసారి వీసా విభాగానికి, ఫీజు కట్టి. అక్కడి మేడమ్ నా కాగితాలు రెండు నిమిషాలు తిరగేసి, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉందని, మార్కుల జాబితాలో ఇంటిపేరు ముందు, పట్టాలో చివర ఉందని పట్టేశారు. అక్కడి ఖర్చుల కోసం ముందే డబ్బు వేసి, నెలనెలా కొంతే తీసుకోగలిగే బ్లాక్డ్ అకౌంట్‌లో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండేలా చూడమన్నారు. నమూనా ఇంటర్వ్యూలో నన్ను చెమటలు పట్టించారు. ఈ కోర్సే ఎందుకని ఆ భవనంలో నన్ను అడిగిన మొదటి మనిషి ఆవిడే.

వీసా విభాగానికి ఐదు నక్షత్రాలు. కౌన్సెలింగ్‌కు ఒకటి, అదీ కుర్చీ బాగున్నందుకు. ఆ ఎనిమిదింటిలో ఒకదాని నుంచి ఆఫర్ వచ్చిందని, డిపాజిట్ కడితే సీటు ఖాయమని ఇప్పటికీ ఫోన్లు చేస్తున్నారు. కోర్సు ఏమిటని అడిగాను. మార్కెటింగ్ మేనేజ్‌మెంట్ అట.